పైజోళ్ల కొంగ

కోకండ్,
1973 ఫిబ్రవరి 11

తమ్ముడు హాషిమ్‌కి,

నీ అక్క షరాఫత్ ఇంకా బతికే ఉంది. కొత్త సంవత్సరం నుంచి ఆ సంగతి కనుక్కోవాలని నీకు తోచలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. మవ్జుదా పంపిన ఉప్పు క్యాబేజీ అందింది. దారిలో మూత ఊడి పోస్టాఫీసంతా వాసన కొట్టిందట. పోస్టుమాస్టరు నన్ను చూస్తే ఇంకా ముక్కు మూసుకుంటున్నాడు. అయినా మీ ఆవిడ చేతి రుచి బాగుంది, చెప్పు.

ఇక్కడ మంచు కరిగి వాకిలంతా బురద. కిందటి నెల రొట్టెల పొయ్యిలో బూడిద ఎత్తిపోస్తూ జారిపడ్డాను. నడుము పట్టేసింది. డాక్టరమ్మ వంగొద్దంది, బరువులు ఎత్తొద్దంది, కోపం తెచ్చుకోవద్దంది. మొదటి రెండూ మానేశాను.

వంగకుండా ఏ పనైనా ఎలాగో చేసుకోవచ్చు గానీ పైజోళ్లు తొడుక్కోవడం మాత్రం కుదరదు. తోలు మేజోళ్లంటే పరుపు మీద కూర్చుని కాళ్లు చాపుకుని లాక్కుంటాను. వాటి మీద వేసుకునే రబ్బరు పైజోళ్లు గడప దగ్గర వేసుకోవాల్సినవేగా. సనోబర్ ఉంది కాబట్టి గడుస్తోంది. మన ఎర్గాష్ పోయి మూడేళ్లు దాటింది. కొడుకు పోయినా కోడలు నన్ను విడిచిపోలేదు. పొద్దున పట్టు మిల్లుకి వెళ్లేముందు నా ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, "కాలివ్వండి అత్తయ్యా" అంటుంది. పైజోడు తొడిగి, మడమ చుట్టూ వేలు పోనిచ్చి ఎక్కడైనా మడత పడిందేమో చూస్తుంది. అప్పుడే మా ఇద్దరి కబుర్లూ. ఎవరికి ఏం కల వచ్చిందో, సాయంత్రం ఏం వండాలో, ఎర్గాష్ చిన్నప్పుడు ఏం చేశాడో, అన్నీ ఆ కాసేపట్లోనే.

ఆమె తొడిగి వెళ్లాక మళ్లీ సాయంత్రం దాకా నేను వాటిని విప్పను. విప్పితే తొడిగేదెవరు? విప్పకుండా ఇంట్లో అడుగు పెట్టడం ఎలా? అందుకని పగలంతా వాకిట్లో అరుగు మీదే నా కాపురం. పక్కింటి ఖైరినిసా వచ్చి కూర్చుని వీధిలో అందరి గుట్టూ విప్పుతుంది. కాళ్లు చల్లబడతాయి గానీ చెవులు వెచ్చగానే ఉంటాయి.

పోయిన వారం బెషారిక్ నుంచి వియ్యంకుడు తాజీబాయ్ వచ్చాడు. "అక్కగారూ, పిల్ల వయసులో ఉంది. ఎన్నాళ్లని ఇలా ఉంచుకుంటాం? మంచి సంబంధం చూస్తాను" అన్నాడు. "నన్నడుగుతావేం, నీ కూతుర్నే అడుగు" అన్నాను. సనోబర్ టీ పోస్తూ తలెత్తకుండా, "నేను పోతే పొద్దున అత్తయ్యకి పైజోళ్లు ఎవరు తొడుగుతారు నాన్నా?" అంది. అంతే. ఆయన టీ తాగి, గడ్డం నిమురుకుని వెళ్లిపోయాడు. పెళ్లికొడుకుల్ని నా పైజోళ్లు చూపించి తరిమేస్తోంది చూడు! నాకు నవ్వాగలేదు. నవ్వితే నడుము పట్టేసింది.

ఎండబెట్టిన ఖర్బూజా పంపుతున్నాను. నువ్వొక్కడివే తినేయకు.

నీ అక్క
షరాఫత్


చిర్చిక్,
1973 ఫిబ్రవరి 27

అక్కా,

సలాం. నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది. ఈ చలిలో రోజంతా వాకిట్లోనా! అదీ ఒక జత పైజోళ్ల కోసమా! నీ తమ్ముడు ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి పింఛను పుచ్చుకున్నది ఎందుకనుకున్నావు? కిటికీలోంచి మంచు చూడ్డానికా?

ఉత్తరం అందిన రోజే మొదలుపెట్టాను. ఒక అల్యూమినియం గొట్టం దొరికింది. పైన పిడి, పిడి కింద సైకిల్ బ్రేకు లాంటి మీట. గొట్టం లోపల తీగ. కింద రెండు రేకుల ముక్కు. మీట నొక్కితే ముక్కు మూసుకుని పైజోడు మడమ పట్టుకుంటుంది. నిటారుగా నిలబడి పైజోడు కాలి ముందు పెట్టుకో, కాలు దూర్చు, మీట వదులు. ముక్కు దానంతటదే జారి బయటికి వస్తుంది. విప్పేటప్పుడు అదే ముక్కుతో మడమ నొక్కిపట్టి కాలు లాగేసుకో. వంగే పనే లేదు.

మొదటిది చేస్తే మవ్జుదా పైజోడు చిరిగింది. రెండోది పట్టు వదల్లేదు, వంటింట్లోంచి వరండా దాకా నేను కుంటుకుంటూ తిరిగాను. మూడోది నీకు పంపుతున్నాను. మవ్జుదా ఏమందో తెలుసా? "పెళ్లయినప్పటి నుంచీ అలమార తలుపు బాగుచేయమంటున్నాను. అక్కకి మాత్రం పది రోజుల్లో యంత్రం తయారు" అంది. నిజమే. కానీ అలమార తలుపు నన్ను పెంచలేదు కదా. అమ్మ పోయాక బడికి వెళ్లే ప్రతి పొద్దునా నా కాళ్లకి పైజోళ్లు తొడిగింది నువ్వు. నేను కాలు ఆడిస్తే మోకాలి మీద మొట్టేదానివి.

సనోబర్‌కి కూడా చెప్పు, ఇది నీ ఒక్కదాని కోసం చేసింది కాదని. ఆ పిల్ల మిల్లులో రోజంతా నిలబడి పనిచేసేది, పొద్దున్నే వంగే బాధ తనకీ తప్పుతుంది. మరిచిపోకుండా చెప్పు.

ఖర్బూజా నేనొక్కడినే తిన్నాను.

నీ తమ్ముడు
హాషిమ్


కోకండ్,
1973 మార్చి 25

నా బంగారు తమ్ముడికి,

ఇన్నాళ్లూ నిన్ను పనికిమాలినవాడివన్నందుకు ఈ ఉత్తరంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే ఉత్తరంలో మళ్లీ అనొచ్చు.

నీ యంత్రానికి వీధిలో పేరు కూడా పెట్టేశారు. పొడుగు మెడ, కింద ముక్కు. ఖైరినిసా చూసి, "అయ్యో వదినా, కొంగ!" అంది. అప్పటి నుంచి అది కొంగే. గడప పక్కన మేకుకి తగిలించాను. పగలు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంట్లోకి పోతున్నాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వస్తున్నాను. పని ఉండి కాదు, తొడుక్కోవడం విప్పడం బాగుందని. సనోబర్ ఇంకా నిద్ర లేవకముందే తొడుక్కుని వాకిలి ఊడ్చేస్తున్నాను.

నౌరూజ్ పండక్కి మా వాకిట్లోనే గోధుమ మొలకల పాకం కాచాం. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. ఆ రోజే తాజీబాయ్ కూడా తన వదినగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నోరు తెరిస్తే పెళ్లి సంబంధాలే రాలతాయి. టీ అయ్యాక ఆమె మొదలుపెట్టింది, రిష్తాన్‌లో ఎవరో కుండల పనివాడట, భార్య పోయిందట, నెమ్మదస్తుడట. సనోబర్ మామూలుగానే, "మరి అత్తయ్యకి పైజోళ్లు ఎవరు తొడుగుతారు పెద్దమ్మా?" అంది.

నేనూరుకుంటానా! లేచి కొంగని అందుకున్నాను. "ఎవరూ తొడగక్కర్లేదు, చూడండి!" అని అందరి ముందూ ఒకటి, రెండు, రెండు పైజోళ్లూ తొడుక్కుని వాకిలి చివరి దాకా నడిచి వచ్చాను. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఒకావిడ మళ్లీ చేసి చూపించమంది. మళ్లీ చేశాను. "మా తమ్ముడు చేశాడు, చిర్చిక్‌లో ఉంటాడు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. తాజీబాయ్ కూడా నవ్వి, "అయితే ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు కూతురితో. సనోబర్ కూడా నవ్విందనే అనుకుంటా, నేను సరిగా చూడలేదు.

అతిథులు వెళ్లేవేళకి సనోబర్ వాళ్ల పైజోళ్లన్నీ వీధి వైపు తిప్పి వరసగా పెట్టింది. చూస్తే ఆ వరసలో తనవి కూడా ఉన్నాయి! "ఏమే, నువ్వూ అతిథివేనా? ఇంటివాళ్లవి ఎవరైనా తిప్పుతారా?" అని ఏడిపించాను. "పరాకులో తిప్పాను అత్తయ్యా" అని మళ్లీ ఇంటి వైపు తిప్పుకుంది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. పాకం కలిపి కలిపి అలిసిపోయి ఉంటుంది.

మవ్జుదాకి చెప్పు, అలమార తలుపు కోసం తొందరపడొద్దని. ముందు ఖైరినిసాకి ఒక కొంగ కావాలట.

నీ గొప్ప అక్క
షరాఫత్


చిర్చిక్,
1973 ఏప్రిల్ 5

అక్కా,

నీ ఉత్తరం మా వీధిలో ఇద్దరికి చదివి వినిపించాను. మూడో అతను చదవకముందే పారిపోయాడు. వీధిలో చప్పట్లు కొట్టారా? ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లలో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సన్మానం రోజున కూడా గడియారం చేతిలో పెట్టి, తర్వాతి పేరు పిలిచారు.

ఇప్పుడు ఇత్తడి ముక్కుతో ఇంకోటి చేస్తున్నాను. రేకు ముక్కు నాలుగు నెలలకి వంగిపోతుంది, ఇత్తడిదైతే నా తర్వాత కూడా ఉంటుంది. దానికి చిన్న స్ప్రింగు కూడా పెడుతున్నాను.

సనోబర్ అన్నం తినకపోవడం వసంతకాలపు నీరసం, అంతే. కాస్త పుల్లటి రేవల్చిని కాడలు ఉప్పు అద్ది పెట్టు, అదే ఆకలి వేస్తుంది. ఆ పిల్ల లోపల సంతోషంగానే ఉండి ఉంటుంది, వంగే బాధ తప్పింది కదా. అయినా అక్కా, నీకిక ఇబ్బంది లేదు కాబట్టి ఆ రిష్తాన్ సంబంధం ఒకసారి ఆలోచించవచ్చు. తాజీబాయ్ చెడ్డ సంబంధం తేడు. నీకొక బాధ్యత తీరుతుంది.

నా కింది పన్ను ఒకటి ఊడింది. దాన్ని కూడా ఇత్తడిది చేసుకుందామా అని ఆలోచిస్తున్నాను.

హాషిమ్


కోకండ్,
1973 ఏప్రిల్ 22

హాషిమ్,

నువ్వు పనికిమాలినవాడివి. పోయిన ఉత్తరంలో వెనక్కి తీసుకున్న మాట మళ్లీ ఇచ్చేస్తున్నాను.

బాధ్యత తీరుతుందట! ఎవరికి ఎవరు బాధ్యత? నడుము పడిపోయిన నాకు సనోబర్ బాధ్యతా, దానికి నేనా?

నీ మీద అరిచి లాభం లేదని నాకూ తెలుసు. కొంగ చేసింది నువ్వైనా, అందరి ముందూ ఆడించి చూపించింది నేనే. రిష్తాన్ సంబంధం ఖాయమైంది. పోయిన ఆదివారం తాజీబాయ్ వచ్చి అడిగితే ఆ పిల్ల ఈసారి పైజోళ్ల మాట ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తుతుంది? "మీ ఇష్టం నాన్నా" అంది. అప్పుడు గాని నా తలకి ఎక్కలేదు, ఇన్నాళ్లూ ఆమె ఆ మాట నా నడుము కోసం అనలేదని. ఒక కోడలు తండ్రి ముందు 'నాకు ఈ ఇల్లే కావాలి, అత్తయ్యే కావాలి' అని అనగలదా? అనలేక పైజోళ్లని అడ్డం పెట్టుకుంది. ఆ అడ్డం నేను నవ్వుతూ తీసి పక్కన పెట్టాను.

పొద్దున కబుర్లు కూడా లేవు. నేను ముందే తొడుక్కుని తిరుగుతుంటే ఆమె గడప దగ్గర కాసేపు నిలబడి, "వెళ్లొస్తాను అత్తయ్యా" అని వెళ్లిపోతుంది. ఒకరోజు కావాలనే ఒట్టి కాళ్లతో కూర్చున్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడింది. నేను కాలు చాపాలా వద్దా అనుకుంటున్నాను. ఆమె కొంగని తీసి నా చేతికిచ్చింది. కాదనలేక తీసుకున్నాను.

ఉండమని నోరు తెరిచి అడగొచ్చు కదా అంటావు, నాకు తెలుసు. వయసులో ఉన్న పిల్లని 'పెళ్లి చేసుకోకు, నా దగ్గరే ఉండిపో' అంటే మన వీధిలో ఏమంటారు? ముసలిది ఊడిగం కోసం కట్టిపడేసిందంటారు. అననీ, నాకు లెక్కలేదు. కానీ అది నిజమే అయితే? రేపు నేను పోయాక ఆ పిల్లకి మొగుడూ లేక, పిల్లలూ లేక, ఈ ఇంట్లో ఒక్కర్తే మిగిలితే? ఆ భయంతో నోరు పెగలడం లేదు.

పోనీ పోనిద్దామంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ఇత్తడి ముక్కుది పంపకు.

షరాఫత్


చిర్చిక్,
1973 ఏప్రిల్ 30

అక్కా,

నీ ఉత్తరం చదివాక మవ్జుదా నాతో మాట్లాడ్డం మానేసింది. చివరికి ఒకే ఒక మాట అంది. "పిల్లతో చెప్పమన్నావు కదా, కొంగ ఆమె కోసం కూడా అని. మీ అక్క చెప్పిందా?" అని అడిగింది. చెప్పావా అక్కా? నువ్వు రాయలేదు. చెప్పి ఉండవు. చెప్పి ఉంటే ఆ పిల్ల దాన్ని తనని వద్దనడంగా అనుకునేది కాదేమో. ఇప్పుడు అనుకుని ఏం లాభం.

నేను చేసిన దాన్ని నేనే పాడుచేసే ఉపాయం కూడా చెబుతాను. కొంగ ముక్కు రెండు రేకులూ కలిసేచోట చిన్న మేకు ఉంటుంది. దాన్ని లాగేయ్. ముక్కు వేలాడిపోతుంది, పైజోడు పట్టుకోదు. మొహం ఎర్రబడేదాకా నడుము పట్టుకుని మూలుగు. నీ మూలుగు నాకు తెలుసు, వీధి చివరికి వినపడుతుంది. ఆ పిల్ల వచ్చి తొడుగుతుంది. ఒక వారం తొడిగితే చాలు, మళ్లీ కబుర్లు మొదలవుతాయి. కబుర్లు మొదలైతే పెళ్లి మాట ఆమే తేలుస్తుంది, ఉంటానో పోతానో. నువ్వు ఉండమని అడగక్కర్లేదు, పొమ్మని చెప్పక్కర్లేదు.

నోరు విప్పలేకపోతే మేకు విప్పు అక్కా.

హాషిమ్


కోకండ్,
1973 మే 19

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేశాను. మేకు గట్టిగా ఉంది, పటకారుతో లాగాల్సి వచ్చింది. దాన్ని ఎండు పుదీనా డబ్బాలో దాచాను. పొద్దున కొంగని పట్టుకుని, "అయ్యో, విరిగిపోయిందే! నా నడుమే!" అని అరిచాను. ఖైరినిసా గోడ మీంచి తల పెట్టింది. దానికి సైగ చేస్తే తల తీసేసింది.

సనోబర్ పరుగెత్తుకొచ్చింది. కొంగని చూసింది, నన్ను చూసింది. మోకాళ్ల మీద కూర్చుంది. "కాలివ్వండి అత్తయ్యా" అంది. ఎన్నాళ్లకి విన్నానురా ఆ మాట! ఎడమది తొడుగుతూ, "రాత్రి కలలో ఆయన కనిపించారు, గడ్డం పెంచారు" అంది. "ఎర్గాష్‌కి గడ్డం సరిగా వచ్చేదే కాదు కదే" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మడమ చుట్టూ వేలు పోనిచ్చి చూసింది. మిల్లుకి ఆలస్యమైందని తొందరగా వెళ్లింది. ఆ రోజంతా నేను పైజోళ్లు విప్పలేదు, వాకిట్లోనే కూర్చున్నాను. ఇంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

సాయంత్రం ఆమె మిల్లు నుంచి వచ్చింది. చేతిలో సంచీ, సంచీలోంచి పొడుగ్గా కొంగ. పొద్దున వెళ్తూ వెళ్తూ పట్టుకుపోయిందన్నమాట, నేను చూసుకోలేదు. మిల్లులో మెకానిక్కి చెప్పి మేకు స్థానంలో పెద్ద మర వేయించింది, నూనె పెట్టించింది. మీట నొక్కి నాకు చూపించింది. "ఇక ఊడదు అత్తయ్యా" అంది. గడప పక్కన మేకు కూడా పీకి, నా చెయ్యి ఆనే ఎత్తులో మళ్లీ కొట్టి, దానికి తగిలించింది. తగిలించి అక్కడే నిలబడింది.

"మంచిది" అన్నాను నేను.

ఇంకేమనాలి హాషిమ్? ఆమె వెళ్లాక నేను ఇబ్బంది పడకూడదని అంతా సర్దిపెట్టి పోతోంది. అంటే వెళ్లాలనే ఉంది. ఆ సంగతి నాకు అర్థమైపోయింది. మూలిగి, ఏడ్చి, నాటకాలాడి ఆపడం ఇక నా వల్ల కాదు. తప్పు కూడా. వాకిట్లో జర్దాలు పళ్లు పండేసరికి తాజీబాయ్ వచ్చి తీసుకుపోతానన్నాడు. చెట్టు నిండా కాయలున్నాయి, ఈసారి ఆకులు కనపడ్డం లేదు.

నీ అక్క


చిర్చిక్,
1973 జూన్ 4

అక్కా,

నువ్వు చేతులు ఎత్తేయడానికి వీల్లేదు. నువ్వు అత్తవి కాబట్టి అడగలేవు. నేను చిన్న మామయ్యని, నేను అడగొచ్చు. వచ్చే వారం శనివారం రైలెక్కుతాను, ఆదివారానికి కోకండ్‌లో ఉంటాను. ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి, "అమ్మా, నీకు వెళ్లాలని ఉంటే దీవించి పంపుతాం, ఉండాలని ఉంటే ఈ ఇల్లు నీ పేరే" అని చెప్పేస్తాను. మిగతాది ఆమె ఇష్టం. తాజీబాయ్‌ని ఆ వారం దాకా ఆపు, నీ మూలుగునే వాడుకునైనా సరే.

మవ్జుదా ఈ ఉపాయం మెచ్చుకుంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

హాషిమ్


కోకండ్,
1973 జూన్ 10

హాషిమ్,

నువ్వు రావద్దు. ఈ ఉత్తరం నీకు అందేసరికి రైలెక్కి ఉంటే, వచ్చి నా దగ్గర కూర్చో, అంతే.

జర్దాలు ముందే పండాయి ఈ ఏడు. గురువారం తాజీబాయ్ వచ్చాడు. సనోబర్ మూట రెండు రోజుల ముందే కట్టుకుంది. నేను ఎర్గాష్ పెళ్లినాటి పట్టు గుడ్డ, నా చెవిదుద్దులు పెట్టాను. దుద్దులు వద్దంది, నేను ఒప్పుకోలేదు. పొద్దున్నే లేచి చూస్తే గడప దగ్గర ఆమె పైజోళ్లు వీధి వైపు తిప్పి ఉన్నాయి. తనే తిప్పుకుంది. ఈసారి నేనేమీ వేళాకోళం చేయలేదు.

వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. నేను చెయ్యి ఊపాను. నా చేతిలో కొంగ ఉంది, దాన్ని కూడా ఊపినట్టైంది.

షరాఫత్


చిర్చిక్,
1973 డిసెంబర్ 9

అక్కా,

వేసవిలో నీ దగ్గర కూర్చుని వచ్చినప్పటి నుంచి ఉత్తరం రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. అక్కడ ఉన్నన్ని రోజులూ నువ్వు నా మొహం చూసి ఒక్కసారి కూడా తిట్టలేదు. అదే నాకు పెద్ద శిక్ష.

ఇత్తడి ముక్కుది పూర్తి చేయలేదు. మా వీధిలో ముసలాయన ఒకాయన తనకి ఒకటి చేసిపెట్టమని అడిగాడు. "మీ ఇంట్లో తొడిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాను. ఉన్నారన్నాడు, మనవరాలట. అయితే చేయనన్నాను. ఆయన నన్ను పిచ్చివాడనుకుని ఉంటాడు.

నీ దగ్గరున్నది అక్కర్లేదనిపిస్తే పారేయ్. మవ్జుదా అలమార తలుపు బాగుచేశాను. నీ సంగతులు రాయి.

హాషిమ్


కోకండ్,
1974 జనవరి 9

తమ్ముడు హాషిమ్‌కి,

పారేయలేదు. పారేస్తే నేను బయటికి ఎలా వచ్చేది?

హయిత్ పండగకి సనోబర్ వచ్చింది. రిష్తాన్ నుంచి మొగుడి మోటారు సైకిల్ వెనక కూర్చుని వచ్చింది. పేరు కహ్హార్. గోళ్ల నిండా నీలం రంగు, ఎంత కడిగినా పోదట. నాకు ఒక నీలం గిన్నె తెచ్చాడు. ఎర్గాష్ కోసం చేతులు చాపి దువా చేశాడు, నేను అడక్కుండానే. వాడిని తిట్టుకుందామని చూశాను, కుదరలేదురా. మంచివాడు.

సనోబర్‌ని అతిథులు కూర్చునే చోట కూర్చోబెట్టాను. టీ నేనే పోశాను. ఆమె అలవాటు కొద్దీ కెటిల్ అందుకోబోయి మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. వచ్చిన వాళ్లకి వడ్డించే హక్కు ఇంటివాళ్లదే కదా. కహ్హార్ మొదటి భార్య కూతురి గురించి చెప్పింది, అది రాత్రిళ్లు ఈమె చెయ్యి పట్టుకుంటే తప్ప నిద్రపోదట. నేను విని సంతోషించాను. సంతోషించానా అంటే, అవును. అదే సమయంలో ఏడుపూ వచ్చింది, దాన్ని టీతో మింగేశాను.

వెళ్లేవేళ అయింది. కహ్హార్ బండి చూసుకోవడానికి ముందుగా వీధిలోకి పోయాడు. ఇంట్లో చిన్నవాళ్లెవరూ లేరు, అతిథి పైజోళ్లు తిప్పాల్సింది నేనే. కొంగని తీసుకుని ముందుగా గడప దగ్గరికి వచ్చాను. దీనికి కూడా అది బాగా పనికొస్తుంది. ముక్కుతో సనోబర్ పైజోడు మడమ పట్టుకున్నాను, మీట నొక్కాను. ఎత్తి తిప్పాలి, అంతే. నా చెయ్యి రాలేదు. అవి ఇంటి వైపు చూస్తున్నాయి హాషిమ్, ఇన్నేళ్లూ చూసినట్టే. మీట వదిలేశాను. వాటిని అలాగే ఉంచి నిలబడ్డాను.

సనోబర్ బయటికి వచ్చి చూసింది. తిప్పని పైజోళ్లని చూసింది, నా చేతిలో కొంగని చూసింది.

"మరిచిపోయానే" అన్నాను.

ఆమె తన పైజోళ్లు వేసుకోలేదు. నా ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. "కాలివ్వండి అత్తయ్యా" అంది. వద్దని అనలేకపోయాను. ఎడమది తొడుగుతూ, తలెత్తకుండా అంది. "ఆ రోజు దీన్ని బాగుచేయించుకుని వచ్చాను కదా. 'నిన్నెవరు బాగుచేయించమన్నారే?' అని ఒక్క కసురు కసురుతారని దారంతా అనుకుంటూ వచ్చాను. మేకు కొట్టాక కూడా అక్కడే నిలబడి చూశాను. మీరు 'మంచిది' అన్నారు."

"కొంగ ముక్కులో మేకు ఊడదీసింది నేనేనే" అన్నాను. "పటకారుతో లాగాను. పుదీనా డబ్బాలో ఉంది, ఇప్పటికీ ఉంది."

ఆమె చెయ్యి ఆగిపోయింది. తలెత్తి నా మొహం చూసింది. అనాల్సినదంతా అనేశాం, అనాల్సిన వేళ దాటిపోయాక. వీధిలో మోటారు సైకిల్ మోగింది. తొందర పెట్టడానికి కాదు, చలికి ఇంజను బిగుసుకుపోతుందని తిప్పి చూసుకుంటున్నాడు పాపం.

కుడిది కూడా తొడిగింది. మడమ చుట్టూ వేలు పోనిచ్చి చూసింది. లేచి, కళ్లు తుడుచుకుని, తన పైజోళ్లు తనే వీధి వైపు తిప్పుకుని వేసుకుంది. "మళ్లీ పండక్కి వస్తాను అత్తయ్యా" అంది. రమ్మన్నాను.

వాళ్లు వెళ్లాక వాకిట్లో అరుగు మీద కూర్చున్నాను. ఖైరినిసా గోడ మీంచి, "ఈ చలిలో ఏంటి వదినా, లోపలికి పో. కొంగ చేతిలోనే ఉందిగా" అంది. లోపలికి పోవాలంటే పైజోళ్లు విప్పాలి. అవి ఆమె తొడిగినవి. విప్పితే మళ్లీ పొద్దున నేనే తొడుక్కోవాలి. ఎంతసేపు కుదిరితే అంతసేపు కూర్చున్నాను. ఇక కాళ్లు మొద్దుబారిపోయాక విప్పాను.

మవ్జుదాని అడిగానని చెప్పు. తలుపు బాగుచేసినందుకు సంతోషం.

నీ అక్క
షరాఫత్